ప్రవర్తనావాదము: నింద మాని కారణము వెదకుట

పాఠము నేర్వని బాలుని మనము మొద్దందుము. ఏల నేర్వడని యడిగినచో మొద్దు గావున నేర్వడందుము. మొద్దని యెట్లు తెలిసినదన్నచో, పాఠము నేర్వడు గదా యందుము. ఈ ప్రశ్నోత్తరములు గానుగెద్దు నడకవలె మొదలిడిన చోటికే మఱలి వచ్చుచున్నవి గాని, వీనివలన బాలున కొక్క యక్షరమైనను అబ్బలేదు. కార్యమునకు పేరు పెట్టి, యా పేరునే కారణమని భ్రమించు నీ యలవాటును నిలిపి ప్రశ్నించిన సిద్ధాంతమే ప్రవర్తనావాదము. దాని చరిత్రమును, దాని లోపములతో గూడ విచారించుట, సంస్కరణాభిలాషుల కెల్లరకు నవసరము.

1879వ సంవత్సరమున జర్మనీలోని లైప్‌జిగ్ నగరమందు విల్హెల్మ్ వుంట్ పండితుడు మనశ్శాస్త్రమునకు ప్రయోగశాల నేర్పఱచెను. నాటి శాస్త్రజ్ఞుల ముఖ్యసాధనములలో నొకటి అంతఃపరిశీలనము. అనగా శిక్షణ పొందిన మనుష్యుడు తన యనుభవమును తానే పరికించి చెప్పుట. ఇరువురు భిన్నముగా జెప్పినపుడు తీర్పరి లేకపోవుటయే యిందలి చిక్కు. మనోబింబములు లేకయే యాలోచన సాగగలదని వుర్జ్‌బర్గు పండితులు పలుకగా, అమెరికాలో టిచెనర్ కాదనెను. ఒకరి మనస్సులోనికి మఱియొకరు తొంగిచూడజాలరు గదా! వివాదము తెగకపోయెను.

ఆ కాలముననే బెర్లిను నగరమున హాన్స్ అను గుఱ్ఱము లెక్కలు చేయునని ప్రసిద్ధి కెక్కెను. ప్రశ్న యడిగినచో గిట్టతో నేలను గొట్టి యుత్తరము చెప్పెడిది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ దానిని పరీక్షించి, 1907లో ఫలితములను ప్రకటించెను. ప్రశ్నించువానికి నుత్తరము తెలియనపుడు గుఱ్ఱమునకును తెలియదని తేలెను. సరియైన సంఖ్య వచ్చినంతనే ప్రశ్నించువాని తల, యతనికే తెలియకుండ, ఇంచుక కదలును. అది చూచి గుఱ్ఱము గిట్టను నిలుపును. జనులు గుఱ్ఱము తలలో వెదకిన గణితము దాని యెదుట నిలిచిన మనుష్యుని చేష్టలో నుండెను!

1913లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయాచార్యుడగు జాన్ వాట్సన్ క్రొత్త వాదమును స్పష్టముగా ప్రకటించెను. మనశ్శాస్త్రము ప్రకృతిశాస్త్రములలో నొకటి; ఎల్లరకు గోచరించు ప్రవర్తనయే దానికి విషయము; ప్రవర్తనను ముందుగా నూహించుటయు, దానిని నియమించుటయు దాని లక్ష్యములు. ఆహారమునకు ముందు నొక సంకేతమును పలుమార్లు జోడించినచో, పిమ్మట సంకేతమునకే కుక్క నోట లాలాజల మూరునని రష్యాలో పావ్లోవ్ చూపిన ప్రయోగములు ఈ వాదమునకు ఊతయయ్యెను.

అయితే నియమించుట యను మాటయందే యపాయము దాగియున్నది. 1920లో వాట్సనును, రోసలీ రేనరును ఒక ప్రయోగమును ప్రకటించిరి. పదునొకండు నెలల శిశువు తెల్లని యెలుకను ముట్టబోయినపుడు, వెనుకనుండి యినుపకమ్మిని సుత్తితో గొట్టి బెదరించిరి. మొదట నెలుకకు జంకని యా బిడ్డ పిదప దానిని జూచినంతనే యేడ్వసాగెను. కుందేటికి సైతము భయపడెను. ఆ భయమును పోగొట్టకమునుపే శిశువు ఆసుపత్రి విడిచి పోయెను. భయము కల్పింపబడవచ్చునని లోకమునకు తెలిసినది. కాని యా జ్ఞానమునకు మూల్యము చెల్లించినవాడు మాట రాని పసివాడు.

1924లో మేరీ కవర్ జోన్స్ ఇందుకు విరుద్ధమార్గమును జూపెను. కుందేటికి భయపడు పీటరను బాలునకు ప్రీతియైన ఆహారము పెట్టుచు, కుందేటిని దూరమునుండి మెల్లమెల్లగా దగ్గరకు దెచ్చి, తుదకాతడు దానిని దువ్వునట్లు చేసెను. శాస్త్ర మొక్కటే, భయపెట్టిన చేయి వేఱు, భయము బాపిన చేయి వేఱు.

తరువాత బి. ఎఫ్. స్కిన్నర్ ఈ శాస్త్రమును లోతుగా త్రవ్వెను. 1938లో వెలువడిన గ్రంథమున, చర్యకు పిమ్మట గలుగు ఫలితమే యా చర్యను స్థిరపఱచునని యెలుకల ప్రయోగములతో నిరూపించెను. ఆతడు మనోవేదన లేదనలేదు. పంటినొప్పి యున్నది, అదియు దేహములో జరుగునదే. కాని నొప్పి యను మాటను బిడ్డ యెట్లు నేర్చెను? దెబ్బను జూచి, యేడ్పు విని, చుట్టునున్నవారు నేర్పిరి. అంతరంగమును గూర్చి పలుకు భాష సైతము సంఘము పెట్టిన భిక్షయేయని 1945లో నాతడు వాదించెను. దండనవలన చెడునడత కొంతకాలము అణగునే గాని మంచినడత నేర్వబడదనియు బోధించెను.

ఈ వాదమునకు బలమైన యాక్షేపణలు లేకపోలేదు. భాషను గూర్చి స్కిన్నర్ 1957లో ప్రకటించిన గ్రంథమును 1959లో నోమ్ చోమ్‌స్కీ ఖండించెను. ఎన్నడును వినని వాక్యమును బాలుడు కల్పించి పలుకుచున్నాడే, దీనికి లోపలి శక్తి యేదియు నక్కఱలేదా యని యాతని ప్రశ్న. 1971లో స్కిన్నర్ స్వాతంత్ర్యము, గౌరవము అను భావములనే విమర్శింపగా, నియమించువారిని నియమించువారెవరని పలువు రడిగిరి. ఈ ప్రశ్న నేటికిని త్రోసిపుచ్చదగినది కాదు.

నా యభిప్రాయమున దీనికి సమాధానము ఆ సిద్ధాంతములోనే యున్నది. ప్రవర్తనకు కారణము పరిసరములలో నున్నచో, ఆ పరిసరములను గల్పించువాడే మొదట నుత్తరవాది. శిష్యుని నిందనుండి విడిపించిన శాస్త్రము గురువుపై భారమును మోపినది. ప్రయోగము చేయువానిని సైతము పరీక్షకు నిలిపినది. కావున బాలుని మొద్దని యనుటకు ముందు హాన్స్ గుఱ్ఱమును తలచుకొందము. మన మాటలో, మన ముఖములో, మన బెత్తములో నేమి చూచి యా బిడ్డ నిలిచిపోయెనో, ముందది విచారింతము.