శోకవాచకములు: లాటిను, తెలుగు పదముల అర్థభేదములు

వగపు, వంత, అడలు, ఉమ్మలము, శోకము, ఖేదము, విచారము, బెంగ - ఇట్టి పదములకు నిఘంటువులందు అర్థము వెదకినచో తరచుగా ఎదురగునది ‘దుఃఖము’ అను ఒక్క మాటయే. పర్యాయపదములను వెదకు పద్యకర్తకు ఈ పద్ధతి ఉపకరించును; పదచరిత్రను పరిశీలించువానికి మాత్రము చాలదు. లాటిను భాషలోని శోకవాచకములను ప్రక్కన నిలిపి చూచినచో మన పదములలో మరుగుపడిన భేదములు కొన్ని తేటపడునని చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ముందుగా సమీపమున నున్న ఒక ఉదాహరణమును గైకొందము. సింగరాయకొండకు దక్షిణమున సముద్రతీరమునందు రామాయపట్నము కలదు. అమెరికను బాప్టిస్టు మిషను వారు 1872లో అచ్చట వేదాంత పాఠశాలను నెలకొల్పి తెలుగు బోధకులకు శిక్షణ నిచ్చిరి. ఇట్టి బోధకులు చేపట్టిన తెలుగు బైబిలున మత్తయి సువార్తలోని రెండు ఘట్టములను పోల్చి చూడవలయును. ఐదవ అధ్యాయమున కొండమీది ప్రసంగములో ధన్యులని చెప్పబడిన శోకార్తుల విషయమునను, ఇరువదియారవ అధ్యాయమున గెత్సేమనేలో క్రీస్తు పొందిన వేదన విషయమునను నేడు ప్రచారములో నున్న తెలుగు అనువాదము దుఃఖ శబ్దమునే వాడినది. నాలుగవ శతాబ్ది చివర జెరోము పరిష్కరించిన లాటిను పాఠమున మొదటిచోట ‘లూగేరె’ అను క్రియయు, రెండవచోట ‘త్రిస్తిస్’ అను విశేషణమును కలవు. గ్రీకు మూలమునందును అవి వేర్వేరు పదములే. లూగేరె యనగా ఆప్తుల మరణమునకు లోకమెరుగునట్లు శోకము పాటించుట. త్రిస్తిస్ అనునది మనస్సును క్రమ్మిన దిగులును తెలుపును. ఒకటి నలుగురిలో జరుగునది, రెండవది లోలోపల జరుగునది. తెలుగు పాఠమున ఈ భేదము కనబడదు. దీనికి భాష పేదరికము కారణము కాదు; దుఃఖ శబ్దము తక్కిన పదముల తావులను క్రమముగా ఆక్రమించుటయే కారణమని మా అభిప్రాయము.

లాటిను పదముల భేదములను వివరించినవారిలో ముఖ్యుడు సిసెరో. క్రీ.పూ. 45వ సంవత్సరము ఫిబ్రవరిలో అతని కుమార్తె తుల్లియా మరణించినది. ఆ యేటనే అతడు టస్కులం సంవాదములను రచించెను. శోకమునకు సామాన్యనామముగా అతడు గ్రహించినది ‘ఐగ్రితూదో’. దీనికి మూలమైన ‘ఐగెర్’ శబ్దమునకు రోగి యని అర్థము. మనస్సునకు ‘ఆధి’ని, దేహమునకు ‘వ్యాధి’ని చెప్పి రెంటిని జంటగా పలుకు మన సంప్రదాయము ఇచ్చట స్మరణీయము. ఈ సామాన్యనామము క్రింద సిసెరో స్తోయికుల మార్గము ననుసరించి పెక్కు భేదములను చెప్పెను. ప్రియజనుల అకాలమరణమువలన కలుగునది లూక్తుస్; కన్నీటితో కూడినది మైరొర్; గొంతెత్తి రోదించునది లామెంతాతియో; ఆలోచనతో కూడినది సొల్లికితూదో; చిత్రవధ వలె బాధించునది దొలొర్. ఆలంకారికులు శోకమును కరుణమునకు స్థాయిగా నిలిపి, చింతా విషాద దైన్యాదులను వ్యభిచారులుగాను, అశ్రు విలాపాదులను బయటికి కనబడు కార్యములుగాను విభజించుటతో దీనిని పోల్చవచ్చును.

ఈ విభాగము కేవలము పండితకల్పితము కాదు. ఆ సంవత్సరముననే మిత్రుడైన అట్టికస్‌కు వ్రాసిన లేఖలో సిసెరో, తాను మైరొర్‌ను తగ్గించుకొంటిననియు, దొలొర్‌ను తగ్గించుకొన శక్తుడను కాననియు, శక్తి యున్నను అట్లు కోరననియు తెలిపెను. పైకి కనబడు దుఃఖచిహ్నమును మనుష్యుడు అదుపు చేసికొనగలడు, లోని నొప్పిని చేసికొనలేడు అని దీని తాత్పర్యము. రెండు పదములకును ‘దుఃఖము’ అని వ్రాసినచో ఆ వాక్యమునకు అర్థమే యుండదు.

లూక్తుస్‌నకు కాలపరిమితి కూడ కలదు. భర్త మరణించిన స్త్రీ పది నెలలు శోకము పాటింపవలయునని రోమను నియమము. ఆ లోపల పునర్వివాహము చేసికొనుట అపకీర్తికరము. పుట్టబోవు శిశువు ఎవరి సంతానమను సందేహము కలుగకుండుటయే దీనికి కారణమని ధర్మవేత్తలు చెప్పిరి. క్రీ.శ. 381లో చక్రవర్తులు ఈ గడువును సంవత్సరమునకు పెంచిరి. భార్యకై భర్త శోకము పాటింపవలయునను నిర్బంధము లేదు. పక్షపాతముతో కూడిన నియమమే యైనను, దానికొక ముగింపు కలదు. మన దేశమున మైలకు దినముల లెక్క యుండెను గాని, అనేక కులములలో వితంతువు ధరించిన శోకచిహ్నములకు గడువు లేకుండెను. 1856 నాటి చట్టము వచ్చిన తరువాత కూడ, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించువరకు తెలుగునాట ఆ చట్టమునకు ఆచరణరూపము రాలేదనవచ్చును. శోకమును తెలుపు మాటకు గడువుండుట, లేకుండుట అనునవి జీవితములను నిర్ణయించిన విషయములని దీనివలన గ్రహింపవలయును.

ఇక మన పదములను చూతము. ‘శుచ్’ ధాతువునకు మండుట, ప్రకాశించుట అని అర్థములు. శోకము, శుచి, అశౌచము ఈ మూడును ఆ ధాతుసంబంధము కలవియే. సంస్కృతమున శోకము లోని తాపము. తెలుగు వాడుకలో ‘శోకాలు పెట్టుట’ అనగా చనిపోయినవారి గుణములను ఎత్తి చెప్పుచు రాగముతో ఏడ్చుట. ఏకవచనమున అంతరంగధర్మమైనది బహువచనమున సిసెరో చెప్పిన లామెంతాతియో అయినది. ‘విచారము’ సంస్కృతమున పర్యాలోచనము. తెలుగున అది దుఃఖవాచకము కూడ. ‘చింత’కును అదే గతి పట్టినది. ఆలోచనతో కూడిన శోకమని సిసెరో నిర్వచించిన సొల్లికితూదో ఇదియే కదా. ‘నొప్పి’ దేహమునకు చెందినదైనను, ‘నొచ్చుకొనుట’ మనస్సునకు చెందినది. దొలొర్ కూడ ఇట్లే రెండు తావులందును వర్తించును.

ఈ పోలికలకు భాషాబంధుత్వము కారణమని తలపరాదు. తెలుగు దేశమున చిరకాలము పనిచేసిన జెస్యూటు మతగురువు కెర్దూ 1767లో సంస్కృత లాటినులకు గల సామ్యమును ఫ్రాన్సు పండితుల దృష్టికి తెచ్చెను. కాని నొప్పి మొదలగునవి ద్రావిడపదములు; విచార శబ్దమునకు దుఃఖార్థము స్థిరపడినది తెలుగు వాడుకలోనే. కావున ఇచ్చట సామ్యమునకు మూలము మానవానుభవమే.

భేదము గల చోటులు కూడ కలవు. దూరమైన వ్యక్తిని చూడగోరు ‘దేసీదేరియుం’ అను భావమును సిసెరో శోకవర్గమున గాక కోరికల వర్గమున చేర్చెను. హొరేసు కవి మాత్రము మిత్రుడగు క్వింతిలియుస్ మరణించినపుడు అదే పదమును శోకార్థమున వాడెను. తల్లికి దూరమైన శిశువు పెట్టుకొను ‘బెంగ’ ఈ భావమునకు సన్నిహితము. మనవారు దానిని కోరికగా గాక దిగులుగానే ఎంచిరి. ఈ విషయమున తెలుగు వాడుక తత్త్వవేత్తకంటె కవికే సమీపమున నున్నది.

చివరకొక సంగతి. కందుకూరు సీమలోని గుడ్లూరు ఎఱ్ఱాప్రగడ జన్మస్థానమని ప్రసిద్ధి. అతడు పూరించిన అరణ్యపర్వశేషమున యక్షప్రశ్నల ఘట్టము కలదు. ఆ ఘట్టపు సంస్కృత మూలమున, శోకమనగా నేమి యని యక్షుడడుగగా, అజ్ఞానమని ధర్మరాజు ఉత్తరమిచ్చెను. శోకము తప్పుడు తలంపు మాత్రమేనని స్తోయికులును చెప్పిరి. అట్లు చెప్పిన ధర్మరాజే యుద్ధానంతరము బంధుమరణమునకు క్రుంగి రాజ్యమునే వలదనెను. ఆ కథాభాగమును తెనిగించినవాడు నెల్లూరి తిక్కన. ఇటు సిసెరో స్తోయికుల నిర్వచనములను వ్రాసియు దొలొర్‌ను విడువనొల్లకుండెను. సిద్ధాంతము శోకమునంతను ఒక్క మాటలో ముగించినను, దానిని అనుభవించినవారికి ఒక్క మాట చాలలేదు.

కావున శోకవాచకములకు అర్థము వ్రాయునపుడు అది లోనిదా, పైకి కనబడునదా, దేనివలన కలిగినది, ఎంతకాలముండునది అను నాలుగంశములను వేర్వేరుగా తెలుపవలయునని మా మనవి. చావు జరిగిన ఇంటికి పోవుటను ‘పలకరించుట’ యనియు ‘పరామర్శ’ యనియు అందురు. ‘శోకాలు’, ‘మైల’, ‘బెంగ’ వంటి వాడుకమాటలను గూడ వృద్ధస్త్రీల నోట వినబడుచుండగానే ఊరూర సేకరింపవలయును. వీనిలో పెక్కింటి సూక్ష్మార్థము కావ్యములలో దొరకదు. ఆ పలుకుబడి అంతరించినచో ఏ నిఘంటువును దానిని తిరిగి తేజాలదు.