కాళ్ల కింద అట్టముక్క: సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్‌కు అరవై ఏళ్లు

క్రీస్తుపూర్వం 3000 నుంచి క్రీస్తుశకం 1500 దాకా జరిగిన యుద్ధాలను చదవడానికి, వాటిని బల్లమీద చిన్న బొమ్మ సైనికులతో మళ్లీ పోరాడి చూడడానికి ఇంగ్లండులో 1965లో ఒక సంఘం పుట్టింది. పేరు సొసైటీ ఆఫ్ ఏన్షెంట్స్, స్థాపకుడు టోనీ బాత్. 2025తో దానికి అరవై ఏళ్లు నిండాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో బొమ్మ సైనికులను అద్దాల వెనక చూసినవాళ్లకు ఇది అలంకారపు సరదా అనిపించవచ్చు. ఇక్కడి సేనలు అద్దాల వెనక ఉండవు. కొలబద్దతో దూరం కొలిచి నడుపుతారు, పాచికలు వేసి గెలుపోటములు తేలుస్తారు. అంతకుముందు వారాల తరబడి రంగులు వేస్తారు.

ఈ కథకు మొదటి ఊరు సౌతాంప్టన్. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన డోనాల్డ్ ఫెదర్‌స్టన్, బాత్ 1950ల నుంచీ కలిసి ఆడేవారు. ఫెదర్‌స్టన్ 1962లో తెచ్చిన ‘వార్ గేమ్స్’ పుస్తకంలో ప్రాచీన యుద్ధాలకు నియమాలు సమకూర్చింది బాతే. ఆయన దగ్గర మొదట ఉన్నవి జర్మన్ సంప్రదాయపు చదును బొమ్మలు, తగరంతో పోసిన 30 మిల్లీమీటర్ల రేకుల్లాంటివి. తర్వాత ఎయిర్‌ఫిక్స్ కంపెనీ చవక ప్లాస్టిక్‌లో రోమన్లనూ ప్రాచీన బ్రిటన్లనూ పెట్టెల్లో అమ్మడం మొదలుపెట్టింది. ఈజిప్టువాళ్లు కావాలన్నా పర్షియన్లు కావాలన్నా వాళ్లలోంచే పుట్టించుకోవాలి. ఒకడి తల కోసి మరొకడి మొండేనికి అతికించేవారు, ఈటె స్థానంలో గుండుసూది గుచ్చేవారు. ఆ మెత్తని ప్లాస్టిక్ వంగినప్పుడల్లా రంగు పెచ్చులూడేది. సీసం, తగరం కలిపి పోసిన లోహపు బొమ్మలను సౌతాంప్టన్‌లోనే నెవిల్ డికిన్సన్ స్థాపించిన మినియేచర్ ఫిగరిన్స్ వంటి సంస్థలు విరివిగా అందించాక ఆ బాధ చాలావరకు తీరింది.

సంఘం పత్రిక పేరు ‘స్లింగ్‌షాట్’. మాసిడోనియా ఈటె పొడవెంత, పర్షియన్ డాలును ఎలా అల్లేవారు వంటి ప్రశ్నల మీద ఎడతెగని వాదాలు నడిచిన పత్రిక అది. విశ్వవిద్యాలయాల బయట, ఉద్యోగాలు చేసుకుంటూ మిగిలిన సాయంత్రాల్లో చదివినవాళ్లు ఇంత నిష్ఠగా పోట్లాడుకోవడం నాకు గౌరవం కలిగిస్తుంది.

అయితే ఈ ఆటలోకం చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది ఏదని నన్నడిగితే, సైనికుడి కాళ్ల కింద అంటించే అట్టముక్కనే చూపిస్తాను. ఆటగాళ్లు దాన్ని బేస్ అంటారు. మొదట్లో ఎవరి బేస్ వాళ్లదే, కాబట్టి ఒక ఊరి సేన మరో ఊరి బల్లమీద ఇమిడేది కాదు. ఫిల్ బార్కర్, బాబ్ ఒబ్రయన్, ఎడ్ స్మిత్ కలిసి వార్‌గేమ్స్ రీసర్చ్ గ్రూప్ పేరుతో 1969లో ప్రాచీన యుద్ధాలకు నియమావళి వేశారు. ఆ వరుస పుస్తకాల ద్వారా స్థిరపడిన కొలత ఇది: 25 మిల్లీమీటర్ల బొమ్మలకు బేస్ వెడల్పు 60 మిల్లీమీటర్లు, 15 మిల్లీమీటర్ల బొమ్మలకు 40. భుజాలు రాసుకుంటూ నిలిచే ఈటెల బారు అయితే ఆ వెడల్పులో నలుగురు. కాస్త ఎడంగా కదిలేవాళ్లు ముగ్గురు. చెదురుగా పరిగెత్తుతూ వడిసెల విసిరేవాళ్లు ఇద్దరే. అంటే బేస్ మీద ఎందరున్నారో చూస్తేనే ఆ దళం ఎలా పోరాడుతుందో అర్థమైపోతుంది. ముక్కూమొహం తెలియని ఇద్దరు తమ సేనలను పెట్టెల్లో సర్దుకుని వచ్చి, మధ్యాహ్నానికల్లా యుద్ధం మొదలుపెట్టగలిగారంటే ఆ కొలత పుణ్యమే. 1990లో వచ్చిన ‘డీబీఏ’ నియమాలు సేననే పన్నెండు బేసులకు కుదించాయి. చేతిలో డబ్బూ తీరికా తక్కువున్న కుర్రాళ్లకు అది పెద్ద వరం.

బేస్ మీది నేలకు రంగు వేయడమూ చరిత్ర చదవడమే. అట్ట వంగిపోతుందని ఇప్పుడు పలుచని ఎండీఎఫ్ చెక్కముక్కలు వాడుతున్నారు. జిగురు పూసి, ఇసుక చల్లి, ఆరాక ముదురు గోధుమరంగు వేస్తారు. తర్వాత కుంచెను గుడ్డకు తుడిచి, మిగిలిన లేతరంగును పైపైన రాస్తే ఇసుక రేణువులు మెరుస్తాయి. చివర్లో గడ్డి. క్రీస్తుపూర్వం 326లో జీలం నది ఒడ్డున అలెగ్జాండరును ఎదిరించిన పోరస్ సేనకు మాత్రం ఇంగ్లండు పచ్చిక పనికిరాదు. అది వానాకాలం. రథాలు బురదలో దిగబడ్డాయి. నేలకు ఆనించి లాగవలసిన పొడుగాటి విల్లు జారే నేలమీద నిలవలేదని రోమన్ రచయిత కర్టియస్ రాశాడు. ఆ బేస్ మీద తడిసిన ఒండ్రు కనిపించాలి.

ఆ విలుకాళ్లకు రంగులు వేయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. గ్రీకు రచయిత ఏరియన్, అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కస్ మాటల ఆధారంగా, భారతీయులు గడ్డాలకు తెలుపు, నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు వేసుకునేవారని చెప్పాడు. నూలు బట్టలు, మందపాటి అట్టల తెల్లతోలు చెప్పులు, మనిషెత్తు విల్లు కూడా ఆయన వర్ణనలో ఉన్నాయి. 1982లో డంకన్ హెడ్ రాసిన మాసిడోనియా, ప్యూనిక్ యుద్ధాల సేనల పుస్తకం వచ్చాక ఇటువంటి ఆధారాలు ఆటగాళ్లకు ఒకేచోట దొరికాయి. తెల్లబట్టను తెల్లగా వేస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది. ముందు బూడిదరంగు కలిసిన లేత గోధుమ వేసి, మడతల్లో పలుచని మట్టిరంగు నీళ్లు పారనిచ్చి, ఉబ్బెత్తు భాగాల మీదే తెలుపు తాకించాలి. బొమ్మను చూసేది చెయ్యిచాపు దూరం నుంచి కాబట్టి వెలుగునీడల తేడా నిజానికన్నా ఎక్కువగానే ఉండాలి. ఏనుగు 15 మిల్లీమీటర్ల కొలతలో 40 మిల్లీమీటర్ల చదరపు బేస్ మొత్తం ఆక్రమిస్తుంది. దాని చర్మానికి ఒకే బూడిదరంగు చాలదు. చెవుల అంచులకూ తొండానికీ గులాబీ ఛాయ కలపాలి.

ఏటా సంఘం ఒక పాత యుద్ధాన్ని ఎంచుకుని ‘బాటిల్ డే’ జరుపుతుంది. అదే యుద్ధాన్ని ఒక్కో బల్లమీద ఒక్కో నియమావళితో ఆడి, ఫలితాలను పోల్చి చూస్తారు. ఏ నియమాలు ఆనాటి పోరుకు దగ్గరగా వచ్చాయో చర్చించుకుంటారు.

ఇన్నేళ్ల ఈ చర్చల్లో రోమ్, గ్రీస్ మీద రాసినంత మన సేనల మీద లేదు. శాతవాహనుల సైన్యాన్ని తయారుచేయాలంటే ఆధారాలు లండన్‌లోనే కొన్ని ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి పలకల మీద ఏనుగులు, గుర్రాలు, తలపాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. రాతిమీద రంగు మాత్రం మిగల్లేదు. దానికి అజంతా పదో గుహకు వెళ్లాలి. అక్కడి పాత చిత్రాలు శాతవాహనుల కాలానివి, రాజపరివారం రంగుల్లోనే ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, తలపాగా చుట్టు ఎటు తిరిగిందో, డాలు ఆకారమేమిటో, చర్మఛాయలు ఎన్నో రాసుకుంటే పన్నెండు బేసుల సేనకు సరిపడా ఆధారం తేలుతుంది. కాకతీయుల కాలానికైతే గుళ్ల శిల్పాలు మన ఊళ్ల పక్కనే ఉన్నాయి, 1323తో ముగిసిన ఆ రాజ్యం సంఘం కాలపరిధిలోకే వస్తుంది. రామప్ప గుడి గోడల చుట్టూ సాగే ఏనుగుల బారును కొలిచి, ఫొటోలు తీసి, ‘స్లింగ్‌షాట్’కు వ్యాసం పంపగలవాళ్లు వరంగల్లులోనూ ములుగులోనూ ఉన్నారు.