పేరు, వస్తువు, పద్ధతి: జి.డి. నాయుడు స్మరణ – యంత్రపనివారి చరిత్ర రచన

వ్యాససంగ్రహం:
కోయంబత్తూరు ప్రాంతంలోని తెలుగు కుటుంబంలో పుట్టి, మోటారు యంత్రాల విద్యను తన చేతులతో తానే నేర్చుకున్న గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1974లో మరణించారు. ఆయన మరణానంతరం ఆ జ్ఞాపకం ఏయే రూపాల్లో నిలిచిందో, అందులో ఏది జారిపోయిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హైదరాబాదు రాజ్యపు మోటారు చరిత్రతో దానిని పోల్చి, వికారాబాదు–తాండూరు ప్రాంతంలోని యంత్రపనివారి జీవితాలనూ పలుకుబడినీ తెలుగు పరిశోధన నమోదు చేయవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జి.డి. నాయుడు, మోటారు వాహనాలు, జీవితచరిత్ర, వృత్తిపదాలు, అనంతగిరి, తాండూరు.

1. ప్రవేశిక:
తెలుగు జీవితచరిత్రల పరంపరలో కవులు, సంస్కర్తలు, ప్రభువులు, ఉద్యమ నాయకులు నిండుగా కనిపిస్తారు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో తన ప్రచురణలను ప్రారంభించింది. తరువాత చరిత్ర గ్రంథాలతోపాటు విజ్ఞానశాస్త్ర గ్రంథాలనూ వెలువరించింది. ఆ విధంగా శాస్త్రం తెలుగు వచనంలోకి వచ్చింది. ఆ శాస్త్రాన్ని ఇనుములోనూ నూనెలోనూ పనికి పెట్టిన మనుషుల జీవితాలకు మాత్రం మన వచనంలో అంత చోటు దొరకలేదు.

ఇది కేవలం సాహిత్య ప్రక్రియకు సంబంధించిన లోటు కాదు. కవి మరణిస్తే కావ్యం మిగులుతుంది. యంత్రపనివాడు మరణిస్తే అతడు బాగుచేసిన బండి కొంతకాలం తిరిగి, చివరకు తుక్కు అవుతుంది. అతని నేర్పు శిష్యుల చేతుల్లోకి చేరకపోతే అతనితోనే పోతుంది. అందువల్ల యంత్రపనివారి స్మరణకు రచన ఎక్కువ అవసరం. జి.డి. నాయుడు జీవితం, మరణానంతర కీర్తి ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన ఆధారాలు.

2. విప్పి నేర్చిన విద్య:
నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. విజయనగర, నాయకరాజుల కాలాల్లో తమిళదేశానికి వలస వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాల పరంపరకు చెందినవారు. బడి చదువు ప్రాథమిక స్థాయిని దాటలేదు. బ్రిటిషు అధికారి ఒకరు నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలును చూసి ఆకర్షితులై, కోయంబత్తూరులో హోటలు పనిలో చేరి డబ్బు కూడబెట్టి దానిని కొన్నారనీ, కొన్న బండిని విడిభాగాలుగా విప్పి మళ్లీ బిగించారనీ ఆయన జీవితాన్ని చెప్పేవారందరూ చెబుతారు. కొన్న బండిని ముందు ఎక్కి తిరగకుండా విప్పి చూడడమే ఈ కథనంలో గమనించవలసిన విషయం. ఆయన తరువాతి జీవితమంతా ఆ ఒక్క పనికి విస్తరణ.

పత్తి వ్యాపారంలో లాభాన్నీ నష్టాన్నీ చవిచూసిన తరువాత, 1920లో కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ సహాయంతో నాయుడు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి–పళని మధ్య దానిని స్వయంగా నడిపారు. ఆ ఒక్క బస్సు నుంచే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థ పెరిగింది. ఈ ఎదుగుదలను వ్యాపార దక్షతగా మాత్రమే చూస్తే సగం కారణమే తెలుస్తుంది. ఆ కాలంలో మోటారు వాహనాలూ వాటి విడిభాగాలూ సముద్రం దాటి రావలసిందే. ఒక చిన్న భాగం విరిగితే ఓడ వచ్చేదాకా బస్సు కదలదు. విరిగిన భాగాన్ని అతకగలిగినవాడు, అవసరమైతే కొత్తది చేయగలిగినవాడు మాత్రమే బస్సును రోజూ సమయానికి నడపగలడు. కనుక ఆయన రవాణా వ్యాపారానికి మరమ్మతు విద్యే పునాది అనాలి.

మరమ్మతు నుంచి తయారీకి అడుగు అలాగే పడింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులోని న్యూ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో విద్యుత్ మోటారును తయారుచేశారు. స్వదేశీ విద్యుత్ మోటార్లలో అది మొదటిదిగా ప్రసిద్ధి పొందింది. డ్రై సెల్స్‌తో నడిచే ‘రసాంత్’ క్షురకయంత్రం, పండ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదుచేసే యంత్రం ఆయన పేరు మీద ఉన్నాయి. 1952లో రెండు వేల రూపాయలకు అందగల రెండు సీట్ల పెట్రోలు కారును రూపొందించారనీ, ప్రభుత్వ అనుమతి రాక అది ఆగిపోయిందనీ చెబుతారు. పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం 1951లో వచ్చింది. కొత్త తయారీకి లైసెన్సు తప్పనిసరి అయిన ఆ కాలంలో, చేయగల నేర్పు ఒకటే చాలేది కాదు.

3. గవర్నరు పేరు, ఉపాధ్యాయుని పద్ధతి:
నాయుడు విద్యారంగంలో చేసిన పని స్మరణ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉంది. 1945లో ఆయన ప్రోద్బలంతో, విరాళంతో కోయంబత్తూరులో సాంకేతిక కళాశాల ఏర్పడింది. దానికి అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ప్రిన్సిపాలుగా పనిచేసిన నాయుడు, ఇంజనీరింగుకు నాలుగేళ్ల చదువు అక్కరలేదనీ, పనిచేస్తూ నేర్చుకుంటే రెండేళ్లు చాలుననీ వాదించారు. ప్రభుత్వం అంగీకరించకపోవడంతో ఆ బాధ్యత నుంచి తప్పుకున్నారు. కళాశాల తరువాత స్థలం మారి ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతోంది.

రెండేళ్లు చాలునన్న వాదాన్ని యథాతథంగా అంగీకరించనవసరం లేదు. వంతెన నిలకడకైనా, బాయిలరు ఒత్తిడికైనా గణితం కావాలి. చేతి అలవాటు ఒక్కటే అక్కడ ప్రమాదం. అయినా ఆయన వాదంలోని మూల ప్రశ్న నేటికీ నిలిచే ఉంది: యంత్రాన్ని విప్పకుండానే యంత్రవిద్యలో పట్టా పొందవచ్చునా? ఆయన దృష్టిలో పాఠం పనికి ముందు రాదు, పనిలోంచి వస్తుంది.

ఇక పేరు సంగతి. కళాశాల అక్కడి నుంచి తరలిపోయినా, అవినాశి రోడ్డు మీద ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు. స్థాపనకు కారకుడైన మనిషి పేరు అక్కడి వ్యవహారంలో నిలవలేదు. గవర్నరు పేరు బస్సు స్టాపు పేరై నిలిచింది.

4. మరణానంతరం: వంతెన, ప్రదర్శనశాల, బిరుదు:
1974 జనవరి 4న నాయుడు మరణించారు. ఆ తరువాత అర్ధశతాబ్దంలో ఆయన స్మరణ ముఖ్యంగా మూడు దారులు పట్టింది.

మొదటిది నామకరణం. 2025 అక్టోబర్ 9న అవినాశి రోడ్డు మీద ఉప్పిలిపాలయం నుంచి గోల్డ్‌విన్స్ వరకు 10.1 కిలోమీటర్ల పైవంతెనను తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఆ వంతెన హోప్ కాలేజీ మీదుగానే వెళుతుంది. ఎనభై ఏళ్ల తరువాత గవర్నరు పేరున్న చోటికి పైగా ఇంజనీరు పేరు వచ్చింది. అయితే వీధుల పేర్ల నుంచి కుల సూచకాలను తొలగించాలన్న ఉత్తర్వు వెలువడిన రోజుల్లోనే ఈ నామకరణం జరగడంతో, ‘నాయుడు’ అన్న మాట మీద వివాదం రేగింది. కులనామాన్ని బహిరంగ స్థలాల నుంచి తొలగించాలన్న ఆలోచనకు బలమైన కారణాలున్నాయి. అదే సమయంలో జనం ఒక మనిషిని ఏ పేరుతో ఎరుగుదురో ఆ పేరు తీసివేస్తే, ఎవరిని స్మరిస్తున్నామో తెలియకుండా పోతుంది. పేరు మీద మాత్రమే ఆధారపడిన స్మరణ ఇలా పేరు మీది తగవులోనే చిక్కుకుంటుంది.

రెండవది వస్తు సంరక్షణ. ఆయన పేరిట ధర్మసంస్థ నడుపుతున్న ప్రదర్శనశాలతోపాటు, 2015లో అదే రోడ్డు మీద జీడీ కారు మ్యూజియం ప్రారంభమైంది. 1886 నాటి బెంజ్ మోటారు బండి ప్రతిరూపం మొదలుకొని మోటారు వాహన పరిణామాన్ని చూపే పాతకార్లు అక్కడ ఉన్నాయి. ఒక ఇంజనీరు స్మృతికి ఇది శిలావిగ్రహం కంటె ఎంతో తగినది. ఐనా మ్యూజియంలోని కారు నిలిచిన కారు. దానిని చూసినవారికి రూపం తెలుస్తుంది గాని, విప్పి బిగించే క్రమం తెలియదు.

మూడవది బిరుదు. ‘భారతదేశపు ఎడిసన్’ అన్న మాట ఆయన పేరుకు విశేషణంగా స్థిరపడింది. ఆయన మీద ఫిలిమ్స్ డివిజన్ తీసిన, జాతీయ పురస్కారం పొందిన డాక్యుమెంటరీకి కూడా అదే పేరు. కందుకూరిని గద్యతిక్కన అనడం, చిలకమర్తిని ఆంధ్ర మిల్టన్ అనడం మనకు అలవాటే. ఇటువంటి బిరుదు గౌరవాన్ని పెంచుతుంది, గాని వ్యక్తి సొంత గుణాన్ని మరొకరి నీడలోకి నెడుతుంది. ఎడిసన్‌కు పరిశోధనశాల ఉంది, పేటెంట్ల బలం ఉంది. నాయుడు విశిష్టత వేరు. దిగుమతి యంత్రం మీద ఆధారపడిన వలస దేశంలో మరమ్మతునే విద్యగా మార్చుకున్నారు. ఎడిసన్‌తో పోల్చినంతకాలం ఆ విశిష్టత కనిపించదు.

పేరు, వస్తువు, బిరుదు – ఈ మూడూ నిలిచాయి. జారిపోయినది పద్ధతి.

5. హైదరాబాదు రాజ్యం: యజమానుల జ్ఞాపకం:
నాయుడు పేరు ఇంతైనా నిలవడానికి ఆయన యంత్రపనివాడు కావడం ఒక్కటే కారణం కాదు. ఆయన యజమాని కూడా. ఈ సంగతి హైదరాబాదు రాజ్యంతో పోల్చినప్పుడు స్పష్టమవుతుంది. చౌమహల్లా ప్యాలెసులో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం తయారుచేయించిన ఆ కారు చేరకముందే, 1911లో ఆయన మరణించారు. ఆ కారును గురించిన సంభాషణలో నిజాముల పేర్లు, తయారీ సంస్థల పేర్లు వస్తాయి. దశాబ్దాలపాటు ఇటువంటి కార్లను తుడిచి, నూనె పోసి, బిగించిన చేతుల పేర్లు రావు.

కోయంబత్తూరులో ఒక వ్యక్తి మొదలుపెట్టిన బస్సు రవాణాను హైదరాబాదులో ప్రభుత్వమే చేపట్టింది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే ఆధ్వర్యంలోని రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. అదే తరువాత 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపుదిద్దుకుంది. బస్సుల నంబర్లలోని ‘జెడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అని జనశ్రుతి. ఆనాటి ఆల్బియన్ బస్సు ‘డక్కన్ క్వీన్’ పేరుతో హైదరాబాదు బస్ భవన్‌లో ప్రదర్శనకు నిలిచింది. బస్సుకు పేరుంది, అక్షరానికి కథ ఉంది. 166 మంది మాత్రం సంఖ్యగానే మిగిలారు.

6. అనంతగిరి దారిలో: బండి భాష:
ఈ ప్రశ్న మన ప్రాంతానికి దూరమైనది కాదు. సికింద్రాబాదు–వాడి రైలుమార్గం 1874లో ప్రారంభమైనప్పటి నుంచి వికారాబాదు, తాండూరు యంత్రానికి అలవాటుపడిన ఊళ్లు. తాండూరు బండలను మోసే లారీలు ఈ ప్రాంతపు ఆర్థిక జీవనానికి ఆధారం. నాపరాయి బరువు, అనంతగిరి ఎత్తుపల్లాలు కలిసి ఇంజనునూ బ్రేకులనూ నిత్యం పరీక్షిస్తాయి. ఇక్కడి షెడ్లలో మెకానిక్కును ఉస్తాదు అంటారు. ఉస్తాదు దగ్గర కుర్రవాడు పానా అందించడంతో మొదలై, విప్పడం, కడగడం, బిగించడం అనే క్రమంలో విద్య నేర్చుకుంటాడు. నాయుడు కళాశాలలో ప్రవేశపెట్టదలచిన పద్ధతికి ఇది సమీప బంధువు.

ఈ షెడ్డు భాష భాషాశాస్త్ర పరిశీలనకు విలువైనది. గేరు, బ్రేకు, ఇంజను ఇంగ్లీషు నుంచి వచ్చాయి. పానా, ఉస్తాదు ఉర్దూ నుంచి వచ్చాయి. లోపాన్ని చెప్పే క్రియలు తెలుగువి: గేరు పడటం లేదు, బ్రేకు పట్టడం లేదు, బండి లాగడం లేదు, ఎత్తు దగ్గర మొరాయిస్తోంది. లాగడం, మొరాయించడం ఎడ్ల గురించి రైతు అన్న మాటలు. ‘బండి’ అన్న మాట కూడా ఎడ్లబండి నుంచి లారీకి ఎక్కింది. వస్తువు పేరు పరాయిదైనా, రోగనిర్ణయం మాతృభాషలోనే జరుగుతోంది. వ్యవసాయ పదజాలం ఇంజను దగ్గరికి ఎలా నడిచివచ్చిందో ఈ క్రియలు చూపుతాయి.

భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో, రెండవది 1971లో చేనేత పదాలతో వెలువడ్డాయి. వృత్తిపదాల సేకరణకు అది చూపిన క్షేత్రపద్ధతి మన ముందుంది. అదే శ్రద్ధతో మోటారు షెడ్డు పదాలనూ సేకరించాలి. పదంతోపాటు ఆ పదం పలికిన మనిషి జీవితాన్నీ నమోదు చేయాలి.

7. ముగింపు:
జి.డి. నాయుడు స్మరణ నుంచి తెలుగు పరిశోధకులు గ్రహించవలసినది ఇది: పేరు వివాదానికి లోనవుతుంది, వస్తువు కదలిక కోల్పోతుంది. పద్ధతిని అక్షరంలో పెట్టకపోతే అది మనిషితోనే పోతుంది. ఆయన వంటి యజమానికే ఇది జరిగితే, కూలికి పనిచేసిన ఉస్తాదు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కనుక తెలుగు శాఖలు తమ క్షేత్రపరిశోధనలో యంత్రపనివారి మౌఖిక చరిత్రలకు చోటివ్వాలి. మొదట విప్పిన బండి ఏది, ఎవరి దగ్గర నేర్చారు, దొరకని భాగాన్ని దేనితో చేశారు, ఇంజను శబ్దంలోని తేడాను ఏ మాటతో చెబుతారు, ఎవరికి నేర్పారు – ఈ అయిదు ప్రశ్నలతో సేకరణ మొదలుపెట్టవచ్చు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక రికార్డరు, ఓపిక, షెడ్డులో కూర్చునే సమయం చాలు. పాత ఇంజన్లు ఎరిగిన తరం వయసు మీరుతోంది. వారి మరణానంతరం సంస్మరణ సంచిక వేయడం కంటె, వారు మాట్లాడగలిగినప్పుడే వెళ్లి వినడం మేలు.