కతోరి షింతో ర్యూ: పీఠం ఒక ఇంటిది, విద్య మరో చేతిది

జపాన్‌లో నేటికీ నేర్పుతున్న యుద్ధవిద్యా సంప్రదాయాల్లో అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి తెన్షిన్ షోదెన్ కతోరి షింతో ర్యూ. 'ర్యూ' అంటే ప్రవాహం. గురువు నుంచి శిష్యుడికి పారుతూ వచ్చే విద్య అని అర్థం. హిందుస్థానీ సంగీతంలోని ఘరానాతో దీన్ని పోల్చుకోవచ్చు. టోక్యోకు తూర్పున, చిబా రాష్ట్రంలో ఉన్న కతోరి ఆలయం ఈ సంప్రదాయానికి పుట్టిల్లు.

మూలపురుషుడు ఇయిజాసా చోయిసాయ్ ఇయెనావో 15వ శతాబ్దపు యోధుడు. చిబా వంశ ప్రభువుల కొలువు ముగిశాక, అరవై దాటిన వయసులో ఆలయం దగ్గర వెయ్యి రోజులు దీక్ష పట్టారని, ఆలయ దైవం ఫుత్సునుషి ప్లమ్ జాతి పూలచెట్టుపై బాలుడిగా కనిపించి యుద్ధశాస్త్ర గ్రంథం ప్రసాదించిందని ఐతిహ్యం. పేరులోని 'తెన్షిన్ షోదెన్' కూడా దైవం నుంచి నేరుగా అందినదనే చెబుతుంది. సంప్రదాయం చెప్పే జీవితకాలం 1387-1488. నూరేళ్లు దాటిన ఈ ఆయుష్షును చరిత్రగా కాక గౌరవంగా చదువుకోవడమే మేలు.

ఆయన తర్వాత పీఠం ఇయిజాసా కుటుంబంలోనే సాగింది. పీఠాధిపతిని సోకె అంటారు. ఇప్పుడున్నది 20వ తరం. ఈ వరుసను కాగితం మీద చూస్తే తండ్రి నుంచి కొడుక్కి విద్య చెక్కుచెదరకుండా వచ్చినట్టే ఉంటుంది. జరిగింది వేరు.

1868 మెయిజీ మార్పుతో సమురాయ్ వర్గం ప్రాభవం పోయింది. 1876లో బహిరంగంగా కత్తి ధరించడం నిషిద్ధమైంది. పొట్ట గడవని విద్యను నేర్చుకునేదెవరు? ఆ గడ్డుకాలంలోనే, 1896లో, 18వ సోకె కొడుకులు లేకుండా కన్నుమూశారు. యమగుచి కుమజిరో వంటి సీనియర్ శిష్యులు బోధన భారం మోశారు. తర్వాత ఆ కుటుంబంలోకి అల్లుడిగా వచ్చిన ఇయిజాసా కింజిరో 19వ సోకె అయ్యారు. ఇంటిపేరు నిలబడింది సరే, విద్యను నిలబెట్టింది మాత్రం ఆ ఇంటివారు కాని గురువులు. యమగుచి శిష్యుడు హయషి యజయెమోన్, ఆయన శిష్యుడు 1942లో చేరిన ఒతాకె రిసుకె. ప్రధాన బోధకుడిని షిహాన్ అంటారు. 20వ సోకె కాలంలో దశాబ్దాల పాటు ఆ బాధ్యత ఒతాకెదే.

గ్రంథాలు చేతిలో ఉన్నా గురువు ఎందుకు కావాలి? ఇందులో కత్తి, కర్ర, బల్లెం, నగినాత అనే పొడవాటి పిడి గల వంపు కత్తి, అన్నిటికీ 'కతా'లు ఉంటాయి. ఇవి ఇద్దరు కలిసి చేసే, ముందే నిర్దేశించిన దాడి ప్రతిదాడుల వరుసలు. చూసేవారికి కొయ్యకత్తులు ఒకదాన్నొకటి తాకుతున్నట్టే కనిపిస్తుంది. నిజానికి ఆ దెబ్బల గురి ప్రత్యర్థి మణికట్టు, మెడ, పక్కటెముకలు. ఆ రహస్యాన్ని ఏళ్ల తరబడి సాధన చేశాకే విప్పుతారు. ఒక్క తరం గురువులు తప్పుకుంటే మిగిలేది కత్తులతో చేసే కోలాటమే.

చేరేవారు వేలు గుచ్చి రక్తంతో ప్రమాణపత్రంపై ముద్ర వేయాలి. తల్లిదండ్రులకైనా, తోబుట్టువులకైనా విద్య గుట్టు చెప్పకూడదు, జూదం ఆడకూడదు, అనుమతి అందేదాకా ఇతర సంప్రదాయాల వారితో తలపడకూడదు. ఇంత గోప్యత పాటించే చోట ఒతాకె 1977-78లో ఫొటోలతో మూడు సంపుటాల పుస్తకం ప్రచురించడం చిన్న విషయం కాదు. అమెరికన్ పరిశోధకుడు డాన్ డ్రేగర్‌కూ ఆయన విద్య నేర్పారు. అంతకుముందే 1960లో చిబా ప్రభుత్వం ఈ విద్యను అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించింది. ఇదే విద్య నేర్చుకున్న సుగినో యొషియో 'సెవెన్ సమురాయ్' (1954) సినిమాలో కత్తిపోరాటాలకు శిక్షణ ఇచ్చారు. ఆయన శిష్యపరంపర వేరే పాయగా సాగుతోంది.

ఒతాకె చివరి సంవత్సరాల్లో ఆయన శిక్షణాలయం, ఇయిజాసా ఇల్లు వేర్వేరు దారులు పట్టాయి. సోకె మరొకరిని షిహాన్‌గా నియమించారు. 2021లో ఒతాకె మరణించారు. పీఠం గుర్తింపు ఒకవైపు, ఆయన కుటుంబం నడిపే శిక్షణాలయం మరోవైపు ఉన్నాయి. అయితే సోకె ఎంచుకున్న ఆ షిహాన్ కూడా ఒతాకె దగ్గర నేర్చుకున్నవారే.