తలుపు వెనక శ్రోత

మా అమ్మమ్మకి త్యాగరాజ కీర్తనలు పాతిక దాకా వచ్చు. ఒక్కటీ పూర్తిగా రాదు. ఒకదానికి పల్లవి తెలుసు, చరణం తెలియదు. ఇంకొకటి అనుపల్లవి మధ్యలోంచి ఎత్తుకునేది. చిన్నప్పుడు అది మరుపనుకున్నాను. గ్రామఫోను చరిత్ర చదివాక గానీ అసలు కారణం తెలియలేదు.

1940ల్లో కాకినాడలో ఆవిడ అత్తవారింట్లో గ్రామఫోను ఉండేది. వీధి గదిలో, మామగారి పడక కుర్చీ పక్కన. సాయంత్రం ఆయన స్నేహితులు చేరాక కీ తిప్పి ప్లేటు పెట్టేవారు. పది అంగుళాల ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలు పాడుతుంది. వంటింట్లో ఆ మూడు నిమిషాల్లోనే పాలు పొంగుతాయి, పిల్లాడు లేస్తాడు, ముందుగదిలోంచి కాఫీ కోసం కేక వినిపిస్తుంది. “తలుపు వెనక నించున్నంతసేపు విన్నదే నాకొచ్చిందే” అనేది అమ్మమ్మ.

ఆ ప్లేట్లలో ఎక్కువ ఆడగొంతులేనట. ఇందులో ఆశ్చర్యం లేదు. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి రికార్డు చేసినవాళ్ళలో ముఖ్యురాలు గౌహర్ జాన్. తర్వాత దక్షిణాదిలో సేలం గోదావరి లాంటి గాయనులు. గొంతు పోతుందని, విద్య అంగడి సరుకవుతుందని విద్వాంసులు చాలామంది వెనకాడుతున్నప్పుడు, పాటే జీవనాధారమైన ఈ స్త్రీలు ధైర్యంగా ఆ కొమ్ములో తలపెట్టి పాడారు. గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాలకి ఎలా కుదించాలో ముందుగా తేల్చుకోవలసి వచ్చినవాళ్ళలో వీళ్ళున్నారు. పాట చివర గౌహర్ జాన్ తన పేరు ఇంగ్లీషులో గట్టిగా ప్రకటించేది. ప్లేట్లు అప్పట్లో జర్మనీలోని హానోవర్‌లో తయారయ్యేవి. అక్కడివాళ్ళు ఎవరి పాటో గుర్తుపట్టడానికి ఈ ఏర్పాటు అంటారు. ఏ కారణమైతేనేం, ఒక తవాయిఫ్ పేరు పెద్దమనుషుల ఇళ్ళలో ఆమె గొంతుతోనే వినిపించింది.

కానీ ఆ గొంతు వచ్చిన ఇంటికి ఆ మనిషి రాగలదా? అమ్మమ్మ కొత్త కోడలుగా సంగీతం నేర్చుకుంటానని అడిగిందట. “భోగంవాళ్ళ విద్య మనకెందుకు?” అన్నారట మామగారు. ఆ మాట అన్న సాయంత్రం కూడా ప్లేటు తిరిగింది. గొంతుని మనిషి నుంచి విడదీసి ఇంటికి తెచ్చిపెట్టింది యంత్రం. పాటని ఉంచుకుని మనిషిని గడప అవతలే ఆపే సౌకర్యం ఆయనకి దొరికింది.

అదే కాలంలో ఇంకో ఘటన చూడండి. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ ప్రచురిస్తే 1911లో ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గానీ తొలగలేదు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ పాడితే రసికత. ఆమే మరో కళావంతురాలి కావ్యాన్ని అచ్చు వేసి, అది ఎందుకు చదవాలో వాదిస్తే అశ్లీలం!

తర్వాత సంగీతం ‘కుటుంబ స్త్రీల’ విద్య అయింది. దీన్ని మనం స్త్రీల ముందడుగుగానే చెప్పుకుంటూ వచ్చాం. ఆ సంగీతాన్ని అంతదాకా మోసిన స్త్రీలకి వేదికలు తగ్గిపోయాయన్న మాట పక్కన పెట్టి మరీ. అటు వాళ్ళు పోగొట్టుకున్నది ఇటు వీళ్ళకైనా దక్కిందా? మా అమ్మకి పాటల మేష్టారిని పెట్టారు. వర్ణాల దాకా వచ్చింది. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడింది. సంబంధం కుదరగానే మేష్టారిని మానిపించారు.

నేను సాహిత్యంలో డాక్టరేటు చేశాను. పదాల మీద, జావళుల మీద వ్యాసాలు రాశాను. కానీ నా వినికిడి కూడా కుక్కర్ కూతల మధ్యే. ఆలాపన మొదలయ్యేసరికి ఫోను, స్వరాల దగ్గరికొచ్చేసరికి పాప హోంవర్కు. కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ వినేవాడే రసికుడని చదువుకున్నాను. తాళం వెయ్యడానికి చెయ్యి ఖాళీగా ఉండాలి కదా! ఆ ఖాళీని ఎవరు సమకూరుస్తున్నారో మన సంగీత చరిత్రలు అడగవు. గాయనుల పేర్లు వెతికి తీసిన నేను కూడా చాలాకాలం అడగలేదు. అమ్మమ్మ ముక్కల కీర్తనల్ని ఎప్పుడూ రాసి పెట్టుకోలేదు. ఏ చరణం దగ్గర ఆవిడకి పాట తెగిపోయేదో, ఆ క్షణాన ఆవిడ చేతిలో ఏ పని ఉందో కూడా ఆ గ్రామఫోను చరిత్రలో భాగమేనని తట్టలేదు.

2014లో, ఆవిడకి ఎనభై ఆరేళ్ళప్పుడు, తనకి సగమే వచ్చిన ఒక కీర్తన పాత రికార్డు సీడీలో దొరికింది. కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. ఒళ్ళో చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు కదిలాయి. తర్వాత ఆగాయి. పాట అయిపోయింది. ఆవిడ ఇంకా వస్తుందేమోనని చూస్తోంది.

“అయిపోయింది అమ్మమ్మా.”

“ఇంతేనా? నేను విననిది ఇంకా చాలా ఉందనుకున్నానే” అంది.