జార్జియన్ గృహం: కిటికీ చెప్పే కాలం

1714 నుండి 1830 వరకు బ్రిటన్‌ను వరుసగా నలుగురు జార్జి రాజులు పాలించారు. ఆనాటి ఇళ్ళకు జార్జియన్ గృహాలని పేరు. నిరాడంబరమైన ఇటుక ముఖభాగం, నడుమ ద్వారం, దానిపై విసనకర్ర ఆకారపు అద్దాలు, ఇరువైపులా సమసంఖ్యలో కిటికీలు - ఇవి అందరూ చెప్పే గుర్తులు. అయితే లండన్‌లో ఒకదానినొకటి ఆనుకొని నిలిచిన వరుస ఇళ్ళలో ద్వారం సాధారణంగా ఒక ప్రక్కకే ఉంటుంది. అక్కడ పరిశీలించవలసినది కిటికీని.

1666 నాటి అగ్నిప్రమాదం లండన్‌ను దహించిన తరువాత ఇళ్ళ ముఖభాగాన కొయ్య వాడకంపై ఆంక్షలు పెరిగాయి. 1707 చట్టం చూరు క్రింది కొయ్య అలంకరణను నిషేధించగా, గోడనే పైకి లేపి కప్పును దాని వెనుక మరుగుపరచారు. 1709 చట్టం కిటికీ చట్రాన్ని గోడ ముఖం నుండి నాలుగు అంగుళాలు లోనికి జరపమన్నది. పైకీ క్రిందికీ జారే అద్దాల తలుపుల పెట్టెను ఇటుకల వెనుక దాచమన్నది 1774 చట్టం. అందువల్లనే తొలినాటి కిటికీలకు వెడల్పాటి కొయ్య అంచు కనిపిస్తుంది. చివరినాటివాటికి సన్నని గీత మాత్రమే మిగిలింది. మంటల భయంతో వ్రాసిన నిబంధనలే క్రమంగా అభిరుచిగా చెలామణి కావడం, చట్టాల ముసాయిదాలతో కాలం గడిపే మావంటి వారికి ఆసక్తికరమే. రాజధాని వెలుపల ఈ మార్పులు ఆలస్యంగా చేరాయి కనుక, చిన్న పట్టణాల ఇళ్ళకు ఈ కొలతతోనే కాలనిర్ణయం చేయరాదు.

ఇటుకలతో మూసిన కిటికీలన్నింటినీ 1696 నుండి 1851 వరకు అమలులో ఉన్న కిటికీల పన్నుకు ముడిపెట్టడమూ సరికాదు. సౌష్ఠవం కోసం మొదటినుండీ మూసి కట్టినవీ వాటిలో ఉన్నాయి.