గంప కింది వైద్యం

పెనుగొండ అనగానే అందరికీ వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి గుర్తొస్తుంది. ఆ గుడి కథ చాలా పుస్తకాల్లో ఉంది. అదే పెనుగొండ చుట్టుపక్కల, కాలవ గట్ల మీదా పుంతల పక్కనా గుడిసెలు వేసుకుని బతికిన ఎరుకల, యానాది కుటుంబాల కథ రాసినవాళ్లు తక్కువ. రాసినవాళ్లు కూడా మన మగవాళ్ల గురించీ, పోలీసు రికార్డుల గురించీ రాశారు. మన ఆడవాళ్లు పెంచిన కోళ్ల గురించి, వాటికి జబ్బు చేస్తే వాళ్లు చేసిన వైద్యం గురించి రాయలేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ సంగతే. కోడికి ఊపిరి ఆడనప్పుడు మనవాళ్లు ఏం చేశారు, అందులో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు, పనికొచ్చే టీకా మన పేటకు ఎందుకు ఆలస్యమైంది అన్నవి వరసగా చూద్దాం.

కోడి ఎవరి సొత్తు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవల్లో నీళ్లు పారి డెల్టా వరిపొలాలతో నిండింది. ఆ పొలాల్లో మనకు దొరికింది కూలి. కూలితోపాటు కళ్లంలో రాలిన గింజలు, మిల్లు దగ్గర నూకలు, తవుడు దొరికాయి. వాటితో పెరిగేది కోడి. నాటు పెట్ట ఒక్కో విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి, 21 రోజులు పొదిగి పిల్లల్ని లేపుతుంది. ఏడాదికి అలా మూడు నాలుగు విడతలు. సెంటు భూమి లేని ఇంట్లో కూడా ఇది జరుగుతుంది.

కోడి కొనలేని మనిషికి పొరుగింటావిడ తన పెట్టను వాటాకు ఇచ్చేది. పిల్లలు పెద్దవయ్యాక ఇద్దరూ సగం సగం పంచుకునేవారు. అమ్మవారికి మొక్కు, చుట్టానికి కూర, బిడ్డకు జ్వరమొస్తే మందుల ఖర్చు, బడి తెరిస్తే పుస్తకాల ఖర్చు, అన్నీ కోళ్ల మీదే. మొగుడు అడగకుండా ఆడమనిషి దాచుకోగలిగిన సొమ్ము అదొక్కటే. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను సామెత చెప్పి ఊరంతా నవ్వుతుంది. ఆమెకు ఆ రెండూ తప్ప వేరే ఆస్తి లేదన్న సంగతి మాత్రం మనకు తెలుసు. అందుకే పేటలో ఒక కోడి గురక పెడితే అన్ని ఇళ్లలోనూ భయం పుట్టేది.

గంప కథ

మన ఎరుకలలో తెగల పేర్లు పనిని బట్టి వచ్చాయి. ఉప్పు అమ్మినవాళ్లు ఉప్పు ఎరుకల, వెదురు దబ్బలు చీల్చి గంపలు, బుట్టలు అల్లినవాళ్లు దబ్బ ఎరుకల. ఆ వెదురు పాపికొండల అడవుల నుంచి తెప్పలుగా గోదావరిలో దిగేది. కొండల మీద కోయలు, కొండరెడ్లు నరికిన వెదురు కింద మన చేతుల్లో కోళ్ల గంప అయ్యేది. డెల్టా రైతుల పెరళ్లలో బోర్లించిన గంపల్లో చాలావాటి వెనక కొండ గిరిజనుల చెమట, మైదాన గిరిజనుల చెమట రెండూ ఉన్నాయి.

గంప అమ్మడానికి ఊరూరూ తిరగాలి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకలవాళ్లను ఆ జాబితాలోకి ఎక్కించారు. వేలిముద్రలు ఇవ్వాలి, స్టేషనులో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఆ చట్టం రద్దయ్యేదాకా మనవాళ్లు ఇలా బతికారు. పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసిన ఆ కాలంలోనూ మన ఇళ్లలో నేర్పు పెరుగుతూనే ఉంది. ఆ నేర్పులో ఒకటి జబ్బు కోడిని విడిగా గంప కింద వేయడం.

ఉదయం కోళ్లను వదిలేటప్పుడు ముక్కు కారేదాన్ని, రెక్కలు వేలాడేసుకుని మూలకు నిలబడేదాన్ని మా పెద్దలు వెంటనే పట్టుకునేవారు. గుడిసెకు దూరంగా, గాలి తగిలే నీడలో గంప కింద పెట్టేవారు. నీళ్లకు విడిగా ఒక చిప్ప. మిగతా కోళ్లకు మేత వేశాకే దాని దగ్గరకు వెళ్లేవారు. సూక్ష్మజీవి అన్న మాట వాళ్లకు తెలియదు. జబ్బు తుమ్ములోంచి, నీళ్ల చిప్పలోంచి పాకుతుందని మాత్రం చూసి తెలుసుకున్నారు. ఈనాడు పశువైద్యులు మొదట చెప్పేదీ ఇదే.

ఒకటే గురక, వేర్వేరు జబ్బులు

మా ఇళ్లలో అన్నిటినీ గురక అనే అంటాం. అందులో కనీసం మూడు రకాలను విడదీసి చూడాలి.

మొదటిది జలుబు. ముక్కు కారుతుంది, మొహం ఒక పక్క వాస్తుంది, కన్ను మూసుకుపోతుంది, ముక్కు నుంచి చెడు వాసన వస్తుంది. వైద్యులు దీన్ని కొరైజా అంటారు. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చాలా కోళ్లు తేరుకుంటాయి. రెండోది రోజుల తరబడి సాగే గురక. రాత్రిపూట గూట్లోంచి గరగర వినిపిస్తుంది. కోడి చిక్కిపోతుంది, గుడ్లు తగ్గుతాయి. దీనికి మూలం మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి. తడి, ఇరుకు, పాత రెట్ట ఘాటు ఉన్నచోట ముదురుతుంది.

మూడోది కొక్కెర తెగులు. కోడి కొంగలా మెడ చాచి నోరు తెరిచి గాలి లాగుతుంది. ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది. కొన్నిటికి మెడ వెనక్కి తిరిగిపోతుంది, కాలో రెక్కో పడిపోతుంది. నాలుగైదు రోజుల్లో పేటంతా ఖాళీ అవుతుంది. సంక్రాంతి వెళ్లాక మొదలై ఎండలు ముదిరేదాకా దీని భయం ఎక్కువ. పండగకు కోళ్లు ఊరి నుంచి ఊరికి తిరుగుతాయి. పందెం బరి దగ్గరా సంతలోనూ ఎక్కడెక్కడి కోళ్లో కలుస్తాయి. తెగులు వాటి వెంటే వస్తుంది.

పెరటి మందులు

జలుబుకు మా ఇళ్లలో వెల్లుల్లి, మిరియాలు, పసుపు, తులసాకు కలిపి నూరి, శనగ గింజంత ఉండలు చేసి పొద్దునా సాయంత్రం మింగిస్తారు. కొందరు నేలవేము, నేల ఉసిరి కూడా కలుపుతారు. ఉల్లిపాయ సన్నగా తరిగి నూకల్లో వేస్తారు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో గుడ్డ ముంచి ముక్కు, కళ్లు తుడుస్తారు. తిననిదానికి పల్చటి గంజి తాగిస్తారు.

వీటిని తీసిపారేయక్కర్లేదు. ముక్కు శుభ్రమైతే కోడికి గాలి ఆడుతుంది, మేత ముడుతుంది. వెచ్చదనం, గంజి ఒంట్లో బలం నిలుపుతాయి. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు తంజావూరులో ఇలాంటి మూలికా వైద్యాన్ని సేకరించి, కొలతలతో సహా రైతులకు అందించారు. మహిళా పశువైద్యులు నడిపిన ఆంత్ర సంస్థ మన రాష్ట్రంలోనూ మహారాష్ట్రలోనూ పల్లె ఆడవాళ్ల పశువైద్య జ్ఞానాన్ని నమోదు చేసింది. మన అమ్మమ్మల మాటను చదువుకున్నవాళ్లు కాగితం మీద పెట్టడం చిన్న విషయం కాదు.

అయితే హద్దులు కూడా చెప్పుకోవాలి. ఉల్లి ఎక్కువైతే కోడి రక్తానికి చేటు, చిటికెడు చాలు. వావిలాకు, వేపాకు పొగ దోమలకు మంచిదే కానీ, గురక పెట్టే కోడికి మూసిన గూట్లో పొగ వేస్తే ఊపిరి ఇంకా బిగుస్తుంది. ముక్కులో కిరసనాయిలు చుక్క వేయడం ఎక్కడ చూసినా ఆపాలి. మనుషుల మాత్రలు సగం విరిచి వేయడమూ అంతే. అన్నిటికంటే ముఖ్యం, కొక్కెర తెగులు వైరస్ వల్ల వచ్చేది. దానికి ఏ ఆకూ, ఏ మాత్రా మందు కాదు. మందు తర్వాత బతికిన ఒకటి రెండు కోళ్లను చూసి మందు పనిచేసిందనుకున్నాం. చనిపోయిన వాటిని ఎవరూ లెక్క పెట్టలేదు.

రాణిఖేత్ నుంచి మన పేట దాకా

ఈ తెగులును 1926లో జావా దీవిలోనూ, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణం దగ్గరా గుర్తించారు. డాయిల్ అనే శాస్త్రవేత్త దానికి న్యూకాజిల్ జబ్బు అని పేరు పెట్టాడు. ఒకటి రెండేళ్లలోనే హిమాలయాల దిగువన కుమావు కొండల్లో రాణిఖేత్ అనే ఊళ్లో ఎడ్వర్డ్స్ దాన్ని గుర్తించాడు. మన దేశంలో అప్పటి నుంచి రాణిఖేత్ జబ్బు అన్న పేరు నిలిచింది. మన ఆడవాళ్లు పెట్టిన పేరు కొక్కెర. ఆ పేరు వెనక ఎంత నష్టం ఉందో ఏ రికార్డులోనూ లేదు.

అదే కుమావు కొండల్లోని ముక్తేశ్వర్ పశు పరిశోధన సంస్థలో 1940లలో దీనికి టీకా తయారైంది. ఆర్2బి పేరుతో ఈనాటికీ వాడుతున్న టీకా అదే. అంటే మన దేశంలోనే పుట్టిన టీకాకు ఎనభై ఏళ్ల వయసుంది. పిల్లలకు మొదటి వారంలో ఎఫ్ రకం గానీ లసోటా గానీ కంట్లో లేదా ముక్కులో ఒక చుక్క వేస్తారు. నాలుగో వారంలో లసోటా మరోసారి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి సూది. ఇంతే పని.

మరి మన పేటకు ఎందుకు ఆలస్యమైంది? టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. సీసాలో 100 కోళ్లకు, అంతకంటే ఎక్కువకు సరిపడే మందు ఉంటుంది. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి సీసా విప్పడం దండగని ఎవరికైనా అనిపిస్తుంది. తణుకు చుట్టూ వేల కోళ్ల గుడ్ల ఫారాలు లేచాక మందులు, వైద్యులు, మేత అన్నీ అటే నడిచాయి. గట్టు మీద గంప అదే గంపగా ఉండిపోయింది.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్ప్రాడ్‌బ్రో, పల్లె కోళ్ల కోసమే ఎండకు తట్టుకునే ఐ-2 టీకాను తయారుచేశాడు. మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్లే నేర్చుకుని, మూడు నాలుగు నెలలకోసారి ఇంటింటికీ తిరిగి కంట్లో చుక్క వేశారు. మన చేతుల్లో ఉన్న ఉపాయం కూడా అదే. పది ఇళ్లు కలిస్తే వంద కోళ్లు. ఒక ఉదయం అందరూ కోళ్లను వదలకుండా గంప కింద ఉంచితే ఒక్క సీసా రెండు గంటల్లో అయిపోతుంది.

2025 నేర్పింది

2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశపు మొదటి బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు అది దూరపు మాట. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల నమూనాల్లో భోపాల్ ప్రయోగశాల ఆ వైరస్‌ను నిర్ధారించింది. రెండూ పెనుగొండకు దగ్గరి ఊళ్లే. ఉభయ గోదావరి జిల్లాల్లో లక్షల కోళ్లు చనిపోయాయి. కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పూడ్చాలని, పది కిలోమీటర్ల దాకా నిఘా ఉంచాలని అధికారులు నిర్ణయించారు. మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప ఈ జబ్బుతో చనిపోయినట్టు పరీక్షల్లో తేలింది.

బర్డ్ ఫ్లూ కూడా మొదట గురకలాగే, కొక్కెరలాగే కనిపించవచ్చు. కంటితో చూసి తేడా చెప్పలేం. అందుకే ఒక్కసారిగా రెండు మూడు కోళ్లు చనిపోతే పాత అలవాట్లు కొన్ని మానాలి. చావబోయేదాన్ని కోసుకు తినకూడదు, సంతకు పంపకూడదు, కాలవలో పారేయకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. 1962కు ఫోన్ చేయాలి, లేదా రైతు సేవా కేంద్రంలో చెప్పాలి. ప్రభుత్వం చంపించిన కోళ్లకే పరిహారం వస్తుంది, అంతకుముందు చచ్చినవాటికి రాదు. కాబట్టి దాచినందువల్ల నష్టపోయేది మనమే.

మన యువతకూ మాస్టార్లకూ మా మనవి ఇది. మీ పేటలో ముసలివాళ్లు ఉండగానే కోళ్ల మందులు అడిగి రాసుకోండి. ఏ ఆకు, ఎంత, ఏ లక్షణానికి, ఎన్ని కోళ్లకు వేస్తే ఎన్ని బతికాయి అన్నది కూడా రాయండి. చనిపోయిన వాటి లెక్కా ఉంటేనే అది జ్ఞానమవుతుంది. బడిలో పిల్లల చేత పేటలోని కోళ్ల లెక్క తీయించండి. ఆ లెక్క పట్టుకుని, సంక్రాంతికి నెల ముందే పశువుల ఆసుపత్రికి వెళ్లి సీసా అడగండి. జలుబుకు తులసి, మిరియం ఉండనివ్వండి. కొక్కెరకు టీకా వేయించండి. రెంటికీ ముందు జబ్బు కోడిని గంప కింద విడిగా పెట్టండి.